వదిన చూపించిన పట్టెలు

ధర్మపురి జిల్లా అంటే రాయి, ఎండ, చింతచెట్లు అనుకుంటారు బయటివాళ్ళు. తొప్పూరు కనుమలో బస్సు కిటికీ నుంచి చూసినవాళ్ళకి కనపడేది అంతే. మాకు బురద ఉందని వాళ్ళకి తెలియదు. సముద్రం లేదు గానీ సముద్రం మాదిరి ఒడ్డు ఉంది. పిక్కిలి పక్కన మా ఇంటి నుంచి పల్లానికి దిగుతూ పోతే కావేరి. అది పారే కావేరి కాదు. మెట్టూరు డ్యాము ఆపితే వెనక్కి ఎక్కి నిలబడిన కావేరి. పైన వానలు పడితే ఆ నీళ్ళు చెట్ల మొదళ్ళ దాకా వస్తాయి. ఎండలు ముదిరేకొద్దీ దిగుతాయి. దిగిన చోట బురద తేలుతాది. ఆ బురదలో మేము రాగులు వేస్తాము.

ఆ బురద గురించి, దాన్ని ఎరిగిన మా వదిన గురించి రాస్తున్నాను. వదిన అంటే మా ఆయన అక్క. మొగుడు పోయినాక మా పక్కింట్లోనే ఉంటాది. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది తల నెరిసినాక, కుప్పం దిక్కు నుంచి వచ్చిన మా కోడలి దగ్గర. కాబట్టి నేను మాట్లాడినట్టే రాస్తాను. నచ్చకపోతే మూసి పెట్టండి.

డ్యాము కట్టినప్పుడు కింద ఉన్న ఊళ్ళు మునిగినాయి. అందులో ఒకటి మా అత్త వాళ్ళ పెద్దలది. వాకిళ్ళు, దూలాలు పీక్కొని మెరకకి వచ్చినారు గానీ నేలను పీక్కొని రాలేరు కదా. నీళ్ళు దిగినప్పుడల్లా కిందికి పోయి తమ నేలలోనే మళ్ళీ విత్తుకున్నారు. అది అట్లే మా దాకా వచ్చింది. దానికి పట్టా లేదు. గట్టు మీది నుంచి నీళ్ళ దిక్కుకు పొడుగ్గా, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉంటాయి మా నేలలు. పట్టెలు అంటాము.

కంచె వేస్తే నీళ్ళు ఎత్తుకుపోతాయి. రాయి పాతితే బురదలో దిగిపోతాది. నీళ్ళు వచ్చి పోయిన ప్రతిసారీ అందరి పట్టెలూ చెరిగిపోతాయి. మళ్ళీ ఎవరిది ఎక్కడ అనేది ఎవరో ఒకరు చూపించాలి. ముందు మా అత్త చూపించేది. అత్త పోయినాక వదిన.

మునిగిన ఊరికి రాతి బావి ఒకటి ఉండేది. అది పూడిపోయి ఎన్నాళ్ళో అయింది గానీ దాని ఒర, నోటి చుట్టూ ఉన్న రాతి అంచు, బురద కింద అట్లే ఉంది. కంటికి కనపడదు, కాలికి తగులుతాది. వదిన చెప్పులు విడిచి, చీర మోకాళ్ళ పైకి ఎగగట్టి, చంకలో వేపకొమ్మల మోపుతో బురదలోకి దిగుతాది. అరికాలితో తడుముకుంటూ పోతాది. ఒర తగలగానే నిలబడి చేయి ఎత్తుతాది. అక్కడ మొదటి కొమ్మ. వదిన పట్టె అక్కడ మొదలు. ఆ పట్టె వెడల్పు బారలతో కొలిచి ఇంకొక కొమ్మ, తర్వాతి పట్టె కొలిచి మరొక కొమ్మ, అట్లా దక్షిణానికి నాటుకుంటూ వస్తాది. ఆఖరి పట్టె మాది. మాది దాటితే పెద్ద బండ. దాని మీద గడ్డి కూడా మొలవదు.

ఆమె నడక చూడాల్సిందే. బురదలో నిలబడకూడదు, నిలబడితే మింగుతాది. మడమ ముందు పెట్టకూడదు, పాదమంతా ఒకేసారి పరచాలి. నేను పెండ్లయి వచ్చిన కొత్తలో తొడల దాకా దిగబడిపోతే వదిన నన్ను జుట్టు పట్టుకొని లాగింది. చేయి పట్టుకొని లాగొచ్చు కదా అంటే, చేయి ఊడొస్తే నా తమ్మునికి వంట ఎవరు చేస్తారు అనింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆమె వెనకాలే నడిచి నేర్చుకున్నాను.

ఎప్పుడు విత్తాలో కూడా ఆమే చెప్పేది. నీళ్ళు పోయిన కొత్తలో బురద వెండి మాదిరి మెరుస్తాది, కాలు పెడితే మోకాలు దిగుతాది, అప్పుడు అది కొంగలది. తర్వాత గట్టిపడి చీలమండ లోతుకు వస్తాది. వేలు గుచ్చి తీస్తే గుంత గుంతగానే ఉండాలి, అందులో నీళ్ళు ఊరకూడదు. అదీ మన కాలం. మూడు దినాలో నాలుగు దినాలో ఉంటాది. అది దాటితే పెంకులు పెంకులుగా పగిలిపోతాది, విత్తనం నెర్రెల్లో పడి మళ్ళీ తలెత్తదు. బురద ఎవరి కోసమూ ఆగదు.

రాగులు ఆవగింజ కంటే సన్నం. ఊరికే చల్లితే గుత్తులుగా పడతాయి. వదిన వాటిని పొడి ఇసకతో కలిపి ఒళ్ళో పోసుకొని మూడు వేళ్ళతో తీసి విసిరేది. మొలిచినాక చూస్తే ఎవరో కూర్చొని ఒక్కొక్కటే పెట్టినట్టు ఉండేది. విసిరినాక విత్తనం మన్నులో కలిసేటట్టు కంపకొట్టు మీద రాయి పెట్టి పైన ఈడ్చేది. మడక లేదు, ఎద్దులు లేవు, ఎరువు లేదు. నీళ్ళు యేడాది పొడుగునా తెచ్చి పరిచిన నల్ల మన్ను చాలు. పిసికిన రాగిపిండి మాదిరి మన్ను అది.

మన్ను అది అని కాదు, ఉండేది అని రాయాలి. నేను వచ్చిన కాలంలో ఆ ఒడ్డున పొద్దున్నే పోతే నీటికుక్కల అడుగులు కనపడేవి, చేప తిని వదిలిన ముండ్లు కనపడేవి. రకరకాల చేపలు వచ్చేవి. ఇప్పుడు వల వేస్తే అంతా ఎక్కడి నుంచో తెచ్చి వదిలిన జిలేబి చేపే. గట్టు మీదంతా సీమతుమ్మ. బురదలో సారాయి సీసాల పెంకులు. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయో ఎప్పుడు దిగుతాయో ఎవరికీ లెక్క అందడం లేదు.

మధ్యలో వానలు తప్పినాయి. మేము ఎన్నడూ చూడనంత లోతుకు పోయినాయి నీళ్ళు. అప్పుడు ట్రాక్టర్లు దిగినాయి. వండల్ మన్ను అని, ఆ నల్ల మన్నును తవ్వి పొలాలకు తోలుకుపోయినారు. నేను తప్పు పట్టను, మా మెట్ట చేనికి కూడా వేయించుకున్నాము. కానీ తవ్వినవాళ్ళు గుంతలు వదిలిపెట్టి పోయినారు. తవ్వేటప్పుడు తగిలిన రాళ్ళను అక్కడక్కడ కుప్ప పోసి పోయినారు. తర్వాత నీళ్ళు వచ్చినాయి. వచ్చినవి రెండు యేండ్లు దిగలేదు. గుంతలూ కుప్పలూ అన్నీ కొత్త బురద కిందికి పోయినాయి.

ఆ రెండు యేండ్లు మాకు బురద లేదు, రాగులు లేవు. మా మెట్ట చేనులో ఉలవలు తప్ప ఏమీ నిలవవు. మా ఇంటి సంగటి అంతా ఆ పట్టెలోదే. రెండు యేండ్లు రేషన్ బియ్యం వండుకొని తిన్నాము. తినేది తిన్నాము గానీ కడుపు నిండినట్టు లేదు. ఈసారి కూడా రాకపోతే మా ఆయన ఆ అరిగిపోయిన మోకాళ్ళు పెట్టుకొని కూలికి పోవాలి. అందుకని గట్టు మీద నిలబడి నీళ్ళు దిగేది చూసేది తప్ప నాకు వేరే పని లేకపోయింది.

ఆ రెండు యేండ్లలో వదిన కూడా మారిపోయింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. ఎప్పుడో పోయిన మా అత్త గొర్రెలు తోలుకొచ్చిందా లేదా అని సాయంత్రం వాకిట్లో నిలబడి చూసేది. మా ఆయన్ని నాయనా అని పిలిచేది. అయినా మాకెవరికీ దిగులు లేదు. తల మరిచిపోయినా కాళ్ళు మరిచిపోవు అనుకున్నాము.

నీళ్ళు దిగినాయి. బురద చీలమండ లోతుకు వచ్చిన దినం పట్టెలవాళ్ళంతా పొద్దున్నే గట్టు మీద చేరినాము. వదిన దిగింది. చేతిలో ఆకులో చుట్టిన సంగటి ముద్ద, విత్తనానికి దాచిన రాగుల్లో చేరెడు తీసి చేసింది. బావి దగ్గర బురదలో అది పెట్టేది మా ఆచారం, మునిగిన ఊర్లో వండుకొని తిన్నవాళ్ళ కోసం.

ఆమె నడిచింది. ముందు నడిచినట్టే నడిచింది, పాదం పరిచి, నిలబడకుండా. కానీ ఒర తగల్లేదు. ఇటు పోయింది, అటు పోయింది, వెనక్కి తిరిగింది. మా పక్క పట్టె ఆయన, నాకు అల్లుడి వరస, నోరు ఊరుకోని మనిషి, మెల్లగా ఫోను తీసి అందులో పటం చూసినాడు. మేము నిలబడిన చోటు కూడా నీలంగా చూపించింది, అందరమూ నీళ్ళలో ఉన్నట్టు. అత్తా, మనం ఎప్పుడో మునిగిపోయినామంట అని నా చెవిలో చెప్పి ఫోను రొంట్లో దోపుకున్నాడు.

అప్పుడు వదిన నిలబడింది. కాలితో రెండుసార్లు అదిమి చూసి చేయి ఎత్తింది. ముఖంలో అంతసేపటి అలసట దిగిపోయింది. సంగటి ముద్ద పెట్టి, మొదటి కొమ్మ నాటింది. తర్వాత ఎప్పటి మాదిరే బారలు కొలుచుకుంటూ, కొమ్మలు నాటుకుంటూ మా దిక్కుకు వచ్చింది.

ఆఖరి కొమ్మ దిగలేదు. కింద బండ. మా పట్టె అని ఆమె చూపించిన చోట మొత్తం బండే, పైన చెయ్యి మందం బురద. అప్పుడే నాకు తెలిసిపోయింది. ట్రాక్టరువాళ్ళు పోసిన రాళ్ళ కుప్పను ఆమె బావి ఒర అనుకుంది. బావి ఇంకా ఉత్తరానికి ఉంది. అందరమూ ఒక్కొక్క పట్టె దక్షిణానికి జరిగిపోయినాము. జరగడానికి చోటు లేనిది మాకొక్కరికే.

వదిన కొమ్మను చేతిలో పట్టుకొని బండను చూసింది. తర్వాత ఒక నెర్రెలో దాన్ని ఇరికించి, "ఈ యేడు మీకు బండ తేలింది. నీళ్ళు మన్ను కోసుకొని పోయినట్టుండాది" అనింది.

నాకు మాత్రమే కాదు, అందరికీ తెలిసింది. ఎవరి నేల వాళ్ళ కాలికి తెలియదా. ఒకామె తన పట్టెకు పక్కగా ప్రతిసారీ వాన నీళ్ళు పోయేదానికి కాలవ తీసుకునేది. ఆ పల్లం ఇంకా లీలగా ఉంది, ఇప్పుడు వేరేవాళ్ళ పట్టెలోకి పోయింది. ఆమె దాన్ని ఒకసారి చూసింది, గడ్డపార తీసుకొని కొత్తచోట కాలవ తవ్వడం మొదలుపెట్టింది. ఇంకొకాయన కొమ్మల మధ్య నిలబడి తల గోక్కొని, సరేలే అని ఒళ్ళో ఇసక కలుపుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అందరూ పక్కవాళ్ళ నేలలోకి దిగి విత్తడం మొదలుపెట్టినారు. నేను ఎన్నో ఊర్లు చూడలేదు గానీ అట్లాంటి పని ఇంకెక్కడా జరగదని మాత్రం చెప్పగలను. పొలం గట్టు జానెడు జరిగితే కొడవళ్ళు తీసే మనుషులు వీళ్ళు.

నేను నోరు తెరిచినాను. మా ఆయన వచ్చి నాకు అడ్డంగా నిలబడినాడు.

"అనొద్దు" అన్నాడు.

"సంగటికి ఏం చేస్తావు?"

"అక్క మొహం చూడు."

చూసినాను. వదిన గట్టు మీద కూర్చొని, విత్తేవాళ్ళను చూస్తూ, కాళ్ళ బురద పుల్లతో గీక్కుంటోంది. పండగ వంట చేసి పెట్టి, తినేవాళ్ళను చూసే మనిషి మాదిరి ఉంది. నా నోరు ఎవరికీ భయపడదు. ఆ దినం మూసుకున్నాను, మూసుకొని మా ఆయన్ని ఇంటికి పోయేదాకా తిట్టినాను.

పోయేటప్పుడు అల్లుడు ఎదురొచ్చి, బండ మీద విత్తుకుంటే పిట్టలకు తవ్వుకునే కష్టం తప్పుతాది అత్తా అన్నాడు. నేను చూసిన చూపుకు నవ్వు ఆపి, తన పట్టెలో సగం నన్ను విత్తుకోమన్నాడు. అది ఎట్లైనా మీదే కదా అన్నాడు. నిజమే, ఆయనకు వచ్చింది మా పాత పట్టె. కానీ వాళ్ళింట్లో తినే నోళ్ళు ఎక్కువ. వద్దన్నాను.

పొద్దున లేచేసరికి ఒక సంగతి తట్టింది. అందరూ దక్షిణానికి జరిగితే ఉత్తరాన ఒక పట్టె ఖాళీగా ఉండాలి. అది వదిన అసలు పట్టె. మా ఆయనకు చెప్పినాను. అక్క నేలలో నేను దిగను అన్నాడు. అందరికీ తెలిసిపోతాది అన్నాడు. అందరికీ తెలుసు అన్నాను. అక్కకు తెలియదు కదా అన్నాడు. బురద ఇంకొక దినం ఆగితే నేను కూడా ఆగేదాన్ని. ఈసారి ఎండ ఎక్కువ, అప్పటికే పైన తోలు కడుతోంది. రాగుల గంప నెత్తిన పెట్టుకొని ఒక్కదాన్నే పోయినాను.

పట్టెలో సగం దాకా విత్తినాను. బురద చల్లగా, మెత్తగా ఉంది. తవ్వకాలు ఆ మూలకు రాలేదేమో, పాత మన్నే. ఎన్నాళ్ళకో ఆ మన్ను కాలి వేళ్ళ మధ్య నుంచి పైకి వస్తుంటే, ఉన్న కోపం కూడా దిగిపోయింది. అప్పుడు వెనక చప్పుడైంది. వదిన నిన్న సాయంత్రం తన పట్టెలో విత్తినదాని మీద ఈడ్చేదానికి కంపకొట్టు లాక్కొని వస్తోంది. నన్ను చూసి నిలబడింది.

"ఏమే, ఆడ ఎవురి పట్టెలో విత్తుతాండావు?"

"నీ పట్టెలో వదినా."

"నాది ఇది కదా" అని తాను నాటిన కొమ్మను చూపించింది.

అబద్ధం చెప్పొచ్చు. నాకు చేతకాదు. నిన్న కాలు పెట్టింది రాళ్ళ కుప్ప మీద అనీ, బావి నా వెనక ఎక్కడో ఉందనీ, అందరూ ఒక పట్టె జరిగినారనీ చెప్పేసినాను. ఆమె కంపకొట్టు వదిలేసింది. ఒడ్డు పొడుగునా తాను నాటిన కొమ్మలను చూసింది. అప్పటికి చాలామంది దిగి కంపలు ఈడ్చుకుంటున్నారు.

"వాళ్ళకి తెలుసునా?"

"అందురికీ తెలుసు."

"తెలిసి ఎందుకు విత్తినారే?"

"నువ్వు చూపించినావని."

ఏడుస్తాదేమో అనుకున్నాను. ఏడవలేదు. "బుద్ధిలేని గొర్రెలు" అనింది. తర్వాత నా మీదికి తిరిగింది. బండ చూపిస్తే కూడా ఊరుకున్నావా, ఊరందర్నీ ఏకే నోరు నీది, నిన్న ఏమైంది ఆ నోటికి అని అడిగింది. నీ తమ్ముడు అడ్డం నిలబడినాడు అన్నాను. వాడు పుట్టినప్పటి నుంచీ అడ్డమే అనింది.

చీర ఎగగట్టుకుంది. నా వెనకాలకి వచ్చి, అరికాలితో మళ్ళీ తడుముకుంటూ పోయింది. ఈసారి తొందర లేదు. నేను విత్తడం ఆపి చూస్తున్నాను. నాకు భయంగా ఉంది. మళ్ళీ దొరక్కపోతే ఈ మనిషి ఇంక బురదలోకి దిగదు అని నాకు తెలుస్తోంది. పట్టె పైమూల దాటి ఇంకాస్త ముందుకు పోయింది. కాలు ఆగింది. వెనక్కి తీసి మళ్ళీ పెట్టింది. బొటనవేలితో చుట్టూ గీసింది.

"రా, కాలు పెట్టు" అనింది.

పెట్టినాను. రాయి తగిలింది. రాయే కదా, కుప్పలో కూడా రాయే అన్నాను. నా మోకాలి కింద ఒకటి కొట్టింది. "వేలుతో చూడు. అంచు వంగుతాది. నున్నగా ఉంటాది. ఈడ చూడు, చేద తాళ్ళు కోసిన గాట్లు. కుప్పకి గాట్లు ఉంటాయా?"

ఉన్నాయి. బొటనవేలు పట్టేంత లోతు గాట్లు, పక్కపక్కనే. ఎంతమంది ఆడవాళ్ళు, ఎన్ని యేండ్లు నీళ్ళు చేదితే రాయి అట్లా కోసుకుపోతాది. అన్నాళ్ళూ ఆమె వెనక నడిచినాను గానీ ఒర మీద కాలు పెట్టింది అదే మొదలు. మా అత్త కూడా వదినకు తప్ప ఎవరికీ చూపించలేదు. వదిన కూడా ఎవరికీ చూపించలేదు.

విత్తింది విత్తినారు, ఈ పంటకు ఇట్లే ఉండనీ, నా పట్టె నువ్వు చేసుకో అని నాతో అనింది. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని ఒడ్డు పొడుగునా వినపడేటట్టు పిలిచింది.

"రాండి, అందురూ రాండి. చెప్పులు విడిచి రాండి."

కంపలు ఎక్కడివి అక్కడ వదిలేసి వచ్చినారు. ఏం జరిగిందో ఎవరూ అడగలేదు, నన్ను విత్తనాల గంపతో ఆ మూలలో చూడగానే తెలిసిపోయింది. వదిన తాను తప్పు చూపించినానని ఒక్క ముక్క చెప్పింది, అంతే, సాగదీయలేదు. ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి కాళ్ళు పెట్టించింది. మా ఆయన చేత కూడా పెట్టించింది. కాలవ తీసుకునే ఆమె గాట్లు తగలగానే వాటిని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది, వెనకవాళ్ళు తొందర పెడితే గానీ దిగలేదు. అల్లుడు ఒర మీదే నిలబడి ఎక్కడ ఎక్కడ అంటుంటే వదిన ఆయన మడమ చేత్తో పట్టుకొని గాటులో పెట్టింది. పగిలిపోయిన మడమకు ఏం తెలుస్తాది అని తిట్టి, వేళ్ళు పెట్టించింది. అందరి వంతూ అయ్యేసరికి ఆ చుట్టూ బురదంతా తొక్కుడు పడి, ఒర పైకి తేలి కంటికే కనపడింది. ఎండకు అది తడితడిగా మెరిసింది. పిలవకపోయినా మళ్ళీ వంగి చేత్తో తాకి పోయినారు కొందరు.

రాగులు బాగా వచ్చినాయి. కొత్త బురదలో మిగతావాళ్ళకు కొంచెం తగ్గింది, వదిన పట్టెలో వెన్నులు బరువుకు వంగినాయి. కోసేటప్పుడు సగం వదిన ఇంటి ముందర పోస్తే, నాకు పండ్లు లేవు ఎవరు నమలాలి అని తిట్టింది. సంగటికి పండ్లెందుకు అని పోసి వచ్చినాను. కొడవళ్ళతో మేము ముందు, నీళ్ళు వెనక. ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చేసరికి కావేరి ఎక్కి మోళ్ళను, కొమ్మలను, ఒరను అన్నిటినీ కప్పేసింది.

ఇది రాసేటప్పటికి నీళ్ళు గట్టు దాకా ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడు దిగుతాయో తెలియదు. దిగినా పట్టెలు మాకు ఎన్నాళ్ళు ఉంటాయో కూడా తెలియదు. వదిన ఒక్కో దినం తన తమ్ముణ్ణి చూసి ఈ మగోడు ఎవురే మనింట్లో అని అడుగుతాది. ఒక్కో దినం నన్ను వాకిట్లోకి పిలిచి, బావి యాడుండాదే అని అడుగుతాది. మరిచిపోయి అడుగుతాదో, నాకు గుర్తుందో లేదో చూస్తాదో నేను చెప్పలేను. నేను చెప్పులు విడిచి నేల మీద కాలు పెట్టి చూపిస్తాను. అంచు ఇట్లా వంగుతాది, ఇక్కడ నున్నగా ఉంటాది, ఇక్కడ గాట్లు అని బొటనవేలితో గీసి చూపిస్తాను. ఆమె వంగి, కండ్లు చిట్లించి, గీసిందంతా చూస్తాది.

"సరే. పోయి పని చూసుకో" అంటాది.